వారసత్వ పొలం కొనేముందు: పాస్‌బుక్ కంటే ముందు వంశవృక్షం

పొలం అమ్మకానికి వచ్చిందనగానే కొనేవాళ్లు అడిగే మొదటి కాగితం పాస్‌బుక్. తర్వాత వన్-బి (రైతువారీగా భూముల ఖాతా), అడంగల్ లేదా పహాణీ (ఏ సర్వే నంబరు ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చెప్పే గ్రామ రికార్డు), ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా). ఇవన్నీ క్లియర్‌గా కనిపిస్తే అడ్వాన్స్ చేతులు మారుతుంది. అమ్మే మనిషి తన సొంత డబ్బుతో, రిజిస్టర్డ్ దస్తావేజు మీద కొనుక్కున్న పొలమైతే ఈ పద్ధతి చాలావరకు పనికొస్తుంది. తండ్రి నుంచో తాత నుంచో వచ్చిన పొలానికి మాత్రం సరిపోదు. ఒక మనిషి వీలునామా రాయకుండా చనిపోతే, ఏ ఆఫీసులోనూ ఏ సంతకమూ పడకముందే, ఆయన ఆస్తి చట్టం చెప్పిన వాటాల ప్రకారం వారసులకు చేరిపోతుంది. రికార్డుల్లో పేరు మారడం ఆ తర్వాత ఎప్పుడో జరిగే పని. అందులో ఒక్కరి పేరే ఎక్కవచ్చు, ఇద్దరివి ఎక్కవచ్చు. పేరు ఎక్కని వాళ్ల వాటా అంతమాత్రాన పోదు.

కాబట్టి ఇలాంటి భూమి విషయంలో పరిశీలన కుటుంబం దగ్గర మొదలై కాగితాల దగ్గరికి రావాలి. చనిపోయింది ఎవరు, ఏ తేదీన, అప్పటికి బతికున్న వారసులు ఎవరు, ఆ తర్వాత వాళ్లలో ఎవరు పోయారు, వాళ్లకు ఎవరున్నారు అనే లెక్క తేలాకే పాస్‌బుక్ తెరవాలి. మన దగ్గర జరిగే కొనుగోళ్లలో ఎక్కువ భాగం దీనికి తలకిందులుగా నడుస్తాయి. పదేళ్లు, ఇరవై ఏళ్లు సాగే పార్టిషన్ (పంపకం) దావాలకు మూలం చాలావరకు అక్కడే ఉంది.

పాస్‌బుక్ బలం ఎంత

ఆంధ్రప్రదేశ్‌లో పట్టాదారు పాస్‌బుక్‌కు ఆధారం 1971 నాటి భూ హక్కులు, పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టం. తెలంగాణలో 2020లో కొత్త చట్టం తెచ్చి ధరణి పోర్టల్ పెట్టారు. దాని స్థానంలో 2025లో భూ భారతి చట్టం వచ్చింది. పేర్లు, పోర్టళ్లు మారినా మౌలిక సూత్రం మారలేదు. రికార్డులో ఉన్న నమోదు తప్పని ఎవరైనా రుజువు చేసేదాకా దాన్ని నిజమనే భావిస్తారు. రుజువు చేస్తే అది నిలవదు. మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) వల్ల హక్కు రాదు, పోదు, అది శిస్తు వసూలు కోసం పెట్టుకున్న నమోదు మాత్రమే అని సుప్రీంకోర్టు 1996లో సావర్ణి కేసులో చెప్పింది. 2021లో జితేంద్ర సింగ్ కేసు వరకూ అదే మాట అనేకసార్లు చెబుతూ వచ్చింది.

వారసత్వ మ్యుటేషన్ ఊళ్లలో ఎలా జరుగుతుందో తెలిసిన వాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. తండ్రి పోయాక కొడుకులు మరణ ధ్రువీకరణ పత్రంతో దరఖాస్తు పెడతారు. అక్కచెల్లెళ్లు అత్తవారి ఊళ్లలో ఉంటారు. తల్లి చేత వేలిముద్ర వేయిస్తారు, లేదా అదీ వేయించరు. ఆడపిల్లలకు పెళ్లిళ్లప్పుడే ఇచ్చేశాం అన్న మాట సరిపోతుంది. నోటీసు అతికించినట్టు ఫైల్లో ఉంటుంది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదని రాస్తారు, ఇద్దరు కొడుకుల పేర్ల మీద చెరి సగం పాస్‌బుక్‌లు వస్తాయి. ఆ ఇంట్లో ఎవరికీ దీన్లో తప్పు కనిపించకపోవచ్చు. కానీ పెళ్లిలో కట్నం ఇచ్చినంత మాత్రాన కూతురి వారసత్వ వాటా రద్దవుతుందని ఏ చట్టంలోనూ లేదు. భూమి ధర తక్కువగా ఉన్నన్నాళ్లూ ఈ సంగతి ఎవరూ ఎత్తరు. పక్కన రోడ్డు పడి ఎకరం ధర పెరిగాక, ఆ పొలం బయటివాళ్లకు అమ్మారని తెలిశాక ఎత్తుతారు. అప్పటికి అందులో ఉండేది కొన్నవాడు.

వాటాల లెక్క ఒకటి వేసి చూస్తే

ఉదాహరణకు ఒక రైతు తన కష్టార్జితంతో 6 ఎకరాలు కొన్నాడు. 1998లో వీలునామా రాయకుండా చనిపోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. ఇంట్లో ముసలి తల్లి కూడా ఉంది. హిందూ వారసత్వ చట్టం 1956లోని 8వ సెక్షన్ ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు చనిపోయినవాడి తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. అంటే వారసులు ఆరుగురు, ఒక్కొక్కరికి ఎకరం.

చాలామంది లెక్కలోకి తీసుకోనిది ఆ ముసలి తల్లి ఎకరమే. ఆమె 2003లో వీలునామా లేకుండా చనిపోయిందనుకుందాం. ఆమెకు చనిపోయిన ఈ కొడుకు కాక ఇంకో ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఆమె ఎకరం నాలుగు శాఖలకు 25 సెంట్ల చొప్పున వెళ్తుంది. ముందే పోయిన కొడుకు శాఖకు వచ్చే 25 సెంట్లు అతని నలుగురు పిల్లలు పంచుకోవాలి. మిగతా 75 సెంట్లు అమ్మేవాళ్ల బాబాయిలవి, మేనత్తవి. వాళ్లు ఆ పొలం గట్టు తొక్కి ఉండకపోవచ్చు, తమకు వాటా ఉందనే తెలియకపోవచ్చు. హక్కు మాత్రం ఉంది.

ఇప్పుడు పెద్ద కొడుకు పాస్‌బుక్‌లో 3 ఎకరాలు ఉన్నాయి. అతను ఆ మూడూ అమ్ముతానంటున్నాడు. లెక్క ప్రకారం అతనికి ఉన్నది 1 ఎకరం 6 సెంట్ల పైచిలుకు. మూడెకరాలకు డబ్బు కట్టిన మనిషికి చట్టం దృష్టిలో దక్కేది అంతే, అది కూడా ఇంకా హద్దులు తేలని ఉమ్మడి వాటా. ఆస్తి బదిలీ చట్టం 1882 ప్రకారం సహ వాటాదారు తన వాటాను అమ్ముకోవచ్చు, కొన్నవాడు అతని స్థానంలోకి వచ్చి పంపకం కోరవచ్చు. తనకు లేని వాటాను మాత్రం ఎవరూ అమ్మలేరు. పార్టిషన్ దావాలో కోర్టులు వీలైన మేరకు కొన్న ముక్కనే అమ్మినవాడి వాటాలో పడేలా సర్దుబాటు చేస్తాయి. వాటాను మించి కొన్నదానికి మాత్రం అమ్మినవాడి దగ్గర డబ్బు వెనక్కి అడగడమే మిగులుతుంది. ఆ డబ్బు అప్పటికి అతని దగ్గర ఉండదు.

అదే భూమి తాతముత్తాతల నుంచి ఉమ్మడిగా వస్తున్నదైతే లెక్క ఇంకో దారిలో వెళ్తుంది. తాత 1956 జూన్ 17కు ముందే చనిపోయి, ఆయన సొంత భూమి తండ్రికి వచ్చి ఉంటే అందులో తండ్రి పిల్లలకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది. తండ్రి బతికుండగానే ఆ హక్కు ఉంటుంది కాబట్టి, తండ్రి ఒక్కడే సంతకం పెట్టి అమ్మితే అది కుటుంబ అవసరానికేనా అన్న ప్రశ్న తర్వాత లేస్తుంది. దానికి జవాబు చెప్పుకోవాల్సిన భారం కొన్నవాడి మీద పడుతుంది. తాత 1956 తర్వాత చనిపోయి, ఆయన సొంత ఆస్తి వారసత్వంగా తండ్రికి వచ్చి ఉంటే మాత్రం అది తండ్రి వ్యక్తిగత ఆస్తి అవుతుందని సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో తేల్చింది. కాబట్టి తాతది అంటే చాలదు. తాత ఎప్పుడు పోయాడు, ఆయనకు ఎలా వచ్చింది అన్నవి తెలియాలి.

ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ల హక్కు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దేశం కంటే ముందే వచ్చింది. 1986లో చేసిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చి, ఆ తేదీకి పెళ్లికాని కూతుళ్లను కొడుకులతో సమానం చేసింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి అమలైన కేంద్ర సవరణ పెళ్లి అయిందా లేదా అన్న తేడా లేకుండా కూతుళ్లందరికీ ఆ హక్కు ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికే ఉండాలా అన్న గందరగోళం చాలా ఏళ్లు సాగింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దానికి తెర దించింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి ఆ తేదీకి బతికి ఉండాల్సిన పని లేదు. దీనికి మినహాయింపు 2004 డిసెంబర్ 20కు ముందు జరిగిపోయిన అమ్మకాలు, పంపకాలు. వారసత్వ పొలం చూసేటప్పుడు ఈ తేదీ గుర్తుంచుకోదగ్గది.

ఇదంతా హిందువుల లెక్క. అమ్మేది ముస్లిం కుటుంబమైతే వాటాలు షరియత్ ప్రకారం వేరుగా ఉంటాయి, పుట్టుకతో వచ్చే హక్కు అనేది ఉండదు. క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. కుటుంబం ఏ చట్టం కిందికి వస్తుందో చూడకుండా వేసిన లెక్క పనికిరాదు.

సంతకం ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం

అక్కచెల్లెళ్ల సమస్య ఉందని తెలిసిన మధ్యవర్తులు చెప్పే పరిష్కారం ఒకటుంది: వాళ్ల చేత సాక్షి సంతకం పెట్టిస్తాం. వినడానికి సరిపోయినట్టే ఉంటుంది. సాక్షిగా సంతకం పెట్టడమంటే దస్తావేజు రాసిన మనిషి తన ముందు సంతకం చేశాడని చెప్పడమే. దస్తావేజులో ఏముందో సాక్షికి తెలుసని గానీ, ఒప్పుకున్నాడని గానీ దాని వల్ల మాత్రమే కోర్టు అనుకోదు. వాటా ఉన్న ప్రతి ఒక్కరూ దస్తావేజులో అమ్మేవాళ్లుగా, అంటే ఎగ్జిక్యూటెంట్లుగా ఉండాలి. తమ వాటా ఇంత, దానికి ముట్టిన డబ్బు ఇంత అని పత్రంలో కనిపించాలి. ఆ డబ్బు ఎవరిది వాళ్ల బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి. అన్న ఖాతాలో మొత్తం వేసి, చెల్లెలికి ఆయనే ఇస్తాడులే అనుకోవడం రేపటి దావాకు ఈ రోజే పునాది వేయడం.

అక్కచెల్లెళ్లు నిజంగానే వాటా వద్దనుకుంటే రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు ఉండాలి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ చేయించిన అఫిడవిట్ స్థిరాస్తిలో హక్కును వదిలించదు. దీనికి రెండో వైపు కూడా చూడాలి. పసుపు కుంకుమ కింద కూతురికి ఇచ్చిన అరెకరం చాలా ఊళ్లలో కాగితం లేకుండానే ఆమె అనుభవంలో ఉంటుంది, కౌలు ఆమెకే వెళ్తుంటుంది. రికార్డులో అది అన్నదమ్ముల ఖాతాలోనే కనిపిస్తుంది. మొత్తం పొలం కొంటున్నాననుకునే మనిషికి ఆ అరెకరం సంగతి రిజిస్ట్రేషన్ అయ్యాక తెలుస్తుంది.

మైనర్లు ఉంటే ఇంకా జాగ్రత్త. వయసులో ఉన్న కొడుకు ప్రమాదంలో పోయి, భార్య, చిన్న పిల్లలు మిగిలిన ఇళ్లలో ఆ పిల్లలకు సొంతంగా వాటా ఉంటుంది. దాన్ని తల్లి అమ్మాలన్నా జిల్లా కోర్టు అనుమతి కావాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని 8వ సెక్షన్ చెబుతోంది. అనుమతి లేకుండా అమ్మితే ఆ పిల్లలు మేజర్లయ్యాక మూడేళ్ల లోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని కోరవచ్చు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మైనర్ వాటాను కుటుంబ పెద్ద (కర్త) కుటుంబ అవసరానికి అమ్మడం వేరే సంగతి, అక్కడ ఈ అనుమతి అక్కర్లేదు. తండ్రి మరణంతో హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ కింద వచ్చిన వాటా మాత్రం ఆ కోవలోకి రాదు. ఈ తేడా సివిల్ కేసులు చూసే వకీలు చెప్పాల్సింది, దస్తావేజు రాసే మనిషి కాదు.

మొదటి తరగతి వారసుల్లో ఒకరు తన వాటా బయటివాళ్లకు అమ్మబోతుంటే మిగతా వారసులకు ముందుగా కొనుక్కునే హక్కు ఉందన్నది కూడా చాలామందికి తెలియదు. ఇది హిందూ వారసత్వ చట్టంలోని 22వ సెక్షన్. వ్యవసాయ భూమికి కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. ఒక్కరి వాటానే కొంటున్నప్పుడు మిగతావాళ్ల నుంచి మాకు కొనే ఉద్దేశం లేదని రాతపూర్వకంగా తీసుకోవడం ఈ పేచీ రాకుండా చేస్తుంది.

ఎప్పుడో పంచుకున్నాం అన్నప్పుడు

పెద్దమనుషుల సమక్షంలో నోటిమాటగా పంచుకోవడం, తెల్లకాగితం మీద రాసుకోవడం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. అలాంటి పంపకాలన్నీ చెల్లవని అనలేం. అన్నదమ్ముల మధ్య నిజంగా జరిగిన నోటి పంపకాన్ని కోర్టులు సాక్ష్యాలను బట్టి ఒప్పుకున్న సందర్భాలున్నాయి. తర్వాత గుర్తుకోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ కాగితంతోనే పంపకం జరిగిందని రాస్తే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కూతుళ్ల వాటా విషయానికి వస్తే పరీక్ష చాలా గట్టిది. నోటి పంపకాన్ని మామూలుగా ఒప్పుకోరాదని, ప్రభుత్వ రికార్డులతో నిస్సందేహంగా రుజువైన అరుదైన సందర్భాల్లోనే ఒప్పుకోవచ్చని వినీతా శర్మ తీర్పు అంటోంది.

కొనేవాళ్లు ఇక్కడ చూడాల్సింది ఆ పంపకం రికార్డుల్లో ఎప్పటినుంచి కనిపిస్తోంది అన్నదే. ఎవరి వాటాకు వాళ్లకు వేరే ఖాతా నంబరు, సర్వే నంబరుకు సబ్‌డివిజన్, వేర్వేరుగా తీసుకున్న పంట రుణాలు, వేరే కరెంటు కనెక్షన్ ఉన్న బోరు, ఆ అన్నదమ్ముల్లో ఒకరు గతంలో తన ముక్కను ఎవరికైనా అమ్మి ఉంటే ఆ దస్తావేజులో రాసిన హద్దులు. ఇవి ఇరవై, ముప్పై ఏళ్లుగా ఒకే కథ చెబుతుంటే పంపకం నిజమే అనుకోవచ్చు. పోయిన సంవత్సరమే ఖాతాలు విడిపోయి, ఈ సంవత్సరం అమ్మకానికి పెడితే అనుమానించాల్సిందే.

వీలునామా చూపిస్తే ఇంకొన్ని ప్రశ్నలు వస్తాయి. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ ఇద్దరు సాక్షులు ధ్రువీకరించాలి. వివాదం వస్తే వాళ్లలో కనీసం ఒకరు కోర్టులో చెప్పాలి. సాక్షులు బతికున్నారా, వీలునామాలో ఏ కారణం లేకుండా భార్యనో కూతుళ్లనో పూర్తిగా వదిలేశారా, లబ్ధి పొందినవాడే దగ్గరుండి రాయించాడా అన్నవి కోర్టు చూసే విషయాలు. ఉమ్మడి ఆస్తిలో తన వాటాకు మించి ఎవరూ వీలునామా రాయలేరన్నది మరవకూడదు. తర్వాత రాసిన వీలునామా ముందుదాన్ని రద్దు చేస్తుంది కాబట్టి, చేతిలో ఉన్నదే చివరిదని మిగతా వారసులు ఒప్పుకుంటూ సంతకం పెడితే అంతకంటే బలమైన భరోసా లేదు.

వారసులు ఎవరో తేల్చడానికి తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం మంచి ఆరంభం. అదే చివరిమాట అనుకోకూడదు. అందులో పేరు లేని వారసుడు వారసుడు కాకుండా పోడు. సక్సెషన్ సర్టిఫికెట్ చూపించి భూమికి సరిపోతుందనేవాళ్లు ఉంటారు. అది బ్యాంకు డిపాజిట్లు, రావాల్సిన బాకీలు, షేర్ల లాంటి వాటికే ఉద్దేశించింది. రేషన్ కార్డుల పాత కాపీలు, ఊళ్లో వయసు మళ్లినవాళ్ల మాట, ఇద్దరు ముగ్గురు బంధువులతో విడివిడిగా మాట్లాడటం ఎన్నో సర్టిఫికెట్ల కంటే ఎక్కువ చెబుతాయి. రెండో పెళ్లి, దత్తత, ఏళ్ల తరబడి కనిపించకుండా పోయిన కొడుకు లాంటివి బయటపడేది ఆ మాటల్లోనే. ఏడేళ్లుగా ఆచూకీ లేని మనిషి చనిపోయాడని కోర్టు భావించవచ్చు, అమ్మేవాళ్లు తమంతట తాము అలా అనుకుని అతని వాటా అమ్మలేరు.

ఆ కుటుంబానికి భూమి ఎలా వచ్చింది

వారసుల లెక్క అంతా సరిగ్గా తేలినా, మూలపురుషుడికే సరైన హక్కు లేకపోతే అది వృథా. ఈ వెతుకులాట తెలంగాణలో ఒక రకంగా, ఆంధ్రలో ఒక రకంగా ఉంటుంది. తెలంగాణలో సేత్వార్ (నిజాం కాలపు సర్వే రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ మూలం. అక్కడి నుంచి ఇప్పటిదాకా పహాణీల్లో పట్టాదారు పేరు ఎలా మారుతూ వచ్చిందో వరసగా చూడాలి. మధ్యలో కారణం రాయకుండా పేరు మారితే అక్కడ ఆగాలి. ఆంధ్రలో రీసెటిల్‌మెంట్ రిజిస్టర్, అంటే ఆర్‌ఎస్‌ఆర్ దగ్గర మొదలవ్వాలి. అందులో పట్టాదారు గడిలో పేరు బదులు చుక్కలు పెట్టి ఉంటే అది చుక్కల భూమి. దాని పరిష్కారానికి 2017లో విడిగా చట్టమే తేవాల్సి వచ్చింది.

ప్రభుత్వం పేదలకు కేటాయించిన అసైన్డ్ భూమి వారసత్వంగా పిల్లలకు వస్తుంది, అందుకే అమ్మేవాళ్లు మా నాన్న నుంచి వచ్చిందనే అంటారు. అది నిజమే. కానీ 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కింద దాన్ని అమ్మకూడదు, కొన్నవాడి నుంచి ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణతో ఇచ్చి 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు అమ్ముకునే హక్కు వచ్చింది. తర్వాత 2024లో ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లను నిలిపి ప్రభుత్వం విచారణ చేపట్టింది. అలాంటి భూమి చవగ్గా వస్తోందంటే ఆ చవక వెనకున్న కారణం ఇదే.

ఇనాం భూమి (పాత పాలకులు సేవకో దానంగానో ఇచ్చింది) అయితే తెలంగాణలో ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్, ఆంధ్రలో 1956 చట్టం కింద ఇచ్చిన రైత్వారీ పట్టా చూడాలి. తెలంగాణలో రక్షిత కౌలుదారు (చట్టం రక్షణ పొందిన పాత కౌలుదారు) పేరు పాత రికార్డుల్లో ఉంటే 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం 38-ఇ కింద అతనికి యాజమాన్య సర్టిఫికెట్ ఇచ్చారేమో ఆరా తీయాలి. ఇచ్చి ఉంటే పట్టాదారు వారసులు అమ్మేదానికి విలువ లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1970లో సవరించిన 1959 నాటి భూబదిలీ నిబంధన, జనం నోట్లో వన్ ఆఫ్ సెవెంటీ, గిరిజనేతరులకు జరిగే ఏ అమ్మకాన్నయినా చెల్లనిదిగా చూస్తుంది. అమ్మేవాడూ గిరిజనేతరుడే అయినా అంతే. గిరిజనుల భూమి చేజారకుండా కట్టిన ఆ అడ్డుగోడను దాటడానికి దారులు వెతకడం తప్పు.

పాత భూస్వామ్య కుటుంబాల పొలమైతే 1973 భూసంస్కరణల చట్టం కింద భూపరిమితి లెక్క కోసం దాఖలు చేసిన సీలింగ్ డిక్లరేషన్ కాపీ సంపాదించడం ఎంతో మేలు. ఆ భూమిని మిగులుగా అప్పగించారా లేదా అన్నది దాని వల్ల తెలుస్తుంది. అంతకుమించి, ఆనాటి కుటుంబ సభ్యుల వివరాలు, భూముల వివరాలు ఒకేచోట దొరుకుతాయి. ఈ రోజు చెప్పే వంశవృక్షాన్ని దాంతో పోల్చి చూడవచ్చు. దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూముల కోసం రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ఉన్న నిషేధిత జాబితా చూడటం నిమిషాల పని. అది ఎలాగూ చేయాలి.

ఈసీ గురించి ఒక్కమాట. ఆన్‌లైన్‌లో సాధారణంగా 1983 నుంచి ఉన్న లావాదేవీలే వస్తాయి, అంతకుముందువి ఆఫీసులో మాన్యువల్‌గా వెతికించాలి. పైగా అందులో కనిపించేది రిజిస్టరైన పత్రాలే. మరణాలు, నోటి పంపకాలు, రిజిస్టర్ కాని వీలునామాలు, సాదా బైనామాలు (తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకాలు), కోర్టు దావాలు ఈసీలో ఉండవు. వారసత్వ భూమికి సంబంధించిన ప్రమాదాలన్నీ సరిగ్గా ఈ లేని వాటిలోనే ఉంటాయి కాబట్టి, నిల్ ఈసీ చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు.

దావాల కోసం ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో వారసులందరి పేర్లతో, ఇంటిపేరును రకరకాల ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో వేసి వెతకాలి. దావా నడుస్తుండగా కొన్నవాడిని ఆ తీర్పు కట్టిపడేస్తుంది, దావా సంగతి తెలియదన్నా వినరు. తహసీల్దార్, ఆర్డీవో దగ్గర నడిచే అప్పీళ్లు ఆ సైట్‌లో దొరకవు, మండల ఆఫీసులోనే అడగాలి.

పొలంలో ఎవరున్నారు

వేరే మనిషి సాగులో ఉంటే, అతని హక్కు ఏమిటో కొనేవాడికి తెలిసినట్టే చట్టం భావిస్తుంది. నేను అడగలేదు అనడం సాకు కాదు. అందుకే పొలం చూడటానికి అమ్మేవాళ్లతో ఒకసారి, వాళ్లు లేకుండా ఇంకోసారి వెళ్లాలి. కౌలుదారుతో, నాలుగు గట్ల పక్కవాళ్లతో మాట్లాడాలి. కౌలు ఎవరికి ఇస్తున్నారు అన్న చిన్న ప్రశ్నకు వచ్చే జవాబు చాలా విప్పుతుంది. సహ వాటాదారుల్లో ఒకరు సాగు చేస్తుంటే అది అందరి తరఫునా చేస్తున్నట్టే లెక్క. కాబట్టి పన్నెండేళ్లుగా మేమే దున్నుకుంటున్నాం, అక్కచెల్లెళ్లకు ఇక హక్కు లేదు అనే వాదన ఒట్టిగా నిలబడదు. వాళ్ల హక్కును బాహాటంగా కాదని, వాళ్లకు తెలిసేలా బయటికి నెట్టినట్టు రుజువుండాలి.

విస్తీర్ణం కూడా కొలిపించాలి. ఆంధ్రలో ఎఫ్ఎంబీ, తెలంగాణలో టిప్పన్ (రెండూ సర్వే నంబరు కొలతల చిత్రాలు), గ్రామ నక్షా దగ్గర పెట్టుకుని సర్వేయర్‌తో హద్దులు వేయిస్తే, పాస్‌బుక్‌లో 3 ఎకరాలున్నది నేల మీద 2 ఎకరాల 80 సెంట్లని తేలడం అరుదేమీ కాదు. ఆంధ్రలో రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. లింక్ డాక్యుమెంట్లలో (అంతకుముందు దస్తావేజుల్లో) ఉన్న పాత నంబరు ఇప్పుడు ఏ ఎల్‌పీఎంలో పడిందో సరిపోల్చాలి. ఉమ్మడి ఖాతాను ఒకే ఎల్‌పీఎంగా వేసిన చోట్ల విడిగా అమ్మాలంటే ముందు సబ్‌డివిజన్ కావాలి.

అగ్రిమెంట్ దగ్గర

ఇదంతా తేలకముందే అడ్వాన్స్ ఇవ్వాల్సి వస్తే, అది చిన్న మొత్తంగా ఉండాలి. ఫలానా వారసులందరూ రిజిస్ట్రేషన్ రోజు అమ్మేవాళ్లుగా సంతకం పెట్టాలని, లేదంటే అడ్వాన్స్ వెనక్కి ఇవ్వాలని అగ్రిమెంట్‌లో పేర్లతో సహా రాసుకోవాలి. అగ్రిమెంట్ మీదే వారసులందరి సంతకాలు తీసుకోగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది. పేపర్లో పబ్లిక్ నోటీసు ఇవ్వడం మంచిదే, అయితే అది చూడని వారసుడి హక్కును అదేమీ చెరపదు. భవిష్యత్తులో తగాదా వస్తే పూర్తి బాధ్యత అమ్మినవారిదే అన్న వాక్యం దాదాపు ప్రతి దస్తావేజులోనూ ఉంటుంది. దాని విలువ అమ్మినవాడి దగ్గర ఆ రోజుకు మిగిలి ఉన్న ఆస్తి అంతే.

విదేశంలో ఉన్న వారసుడి తరఫున జీపీఏ (తన బదులు పని చేయడానికి వేరే మనిషికి ఇచ్చే అధికార పత్రం) చూపిస్తే, అది అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించినదా, ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టారా, అమ్మే అధికారం స్పష్టంగా రాశారా అన్నవి చూడాలి. జీపీఏ ఇచ్చిన మనిషితో రిజిస్ట్రేషన్‌కు ముందు రోజు వీడియో కాల్‌లో మాట్లాడటం మొహమాటపడాల్సిన విషయం కాదు, ఎందుకంటే సాధారణ జీపీఏ ఇచ్చిన మనిషి చనిపోగానే దాని అధికారం కూడా పోతుంది. జీపీఏ మీదే పొలం కొనేశాం అనే పద్ధతి వల్ల హక్కు రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఒక వారసుడు ససేమిరా సంతకం పెట్టనంటే కొనేవాడి ముందు మూడు దారులుంటాయి. ముందు మీరు కోర్టులోనో రిజిస్టర్డ్ దస్తావేజుతోనో పంచుకోండి, అప్పుడు కొంటాను అనడం ఒకటి. ఒప్పుకున్నవాళ్ల వాటా మాత్రమే, ఆ మేరకు తగ్గించిన ధరకు, రేపు పార్టిషన్ దావా తానే వేసుకోవాల్సి వస్తుందని తెలిసి కొనడం రెండోది. చేతిలో డబ్బు, ఓపిక, మంచి వకీలు ఉన్నవాళ్లకే ఇది. అప్పు చేసి రెండెకరాలు కొనుక్కుని సాగు చేసుకుందామనుకునే రైతుకు మూడో దారే సరైనది: ఆ పొలం వదిలేసి ఇంకోటి చూసుకోవడం.